సర్వర్ రాద్దాం – 4: ఒకే సాకెట్, నలుగురు వర్కర్లు

కిందటి పాఠంలో రాసుకున్న రొయ్యల రేట్ల సర్వర్ ఒక్కరు అడుగుతున్నంతసేపూ బాగానే ఉంటుంది. పొద్దున్నే భీమవరం, పాలకొల్లు, ఆకివీడు చెరువుల మీద నుంచి అందరూ ఒకేసారి ‘వంద కౌంట్ (కిలోకు వంద తూగే రొయ్యలు) ఎంత?’ అని అడిగితే ఒక్క ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రామ్) చాలదు. పైగా కోడ్ మార్చి రీస్టార్ట్ చేసిన ప్రతిసారీ, ఆ కాసేపట్లో వచ్చినవాళ్లకు ‘కనెక్షన్ రిఫ్యూజ్డ్’ కనిపిస్తుంది.

రెండింటికీ మందు ఒకటే. పోర్టు (కనెక్షన్లు వచ్చే నంబరున్న ద్వారం) తెరిచే పని ఒక పెద్ద ప్రాసెస్‌కు ఇచ్చి, జవాబులు చెప్పే పని వర్కర్లకు, అంటే అది మొదలుపెట్టే చిన్న ప్రాసెస్‌లకు, వదిలేయడం.

పెద్ద ప్రాసెస్ సాకెట్ (కనెక్షన్లు అందుకునే కొస) తయారుచేసి, 8080 పోర్టుకు బైండ్ చేసి (కట్టి), లిజన్ పిలిచి (కనెక్షన్ల వరస తెరిచి) అక్కడితో సరిపెడుతుంది. వరసలోని కనెక్షన్‌ను తీసుకునే యాక్సెప్ట్‌ను పిలవదు. ఆ సాకెట్‌కు కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) ఒక ఫైల్ డిస్క్రిప్టర్ నంబరు ఇస్తుంది. ప్రాసెస్ తాను తెరిచినవాటిని ఈ నంబర్లతోనే గుర్తుపడుతుంది. 0, 1, 2 ముందే (ఇన్‌పుట్, అవుట్‌పుట్, ఎర్రర్లకు) వాడుకలో ఉంటాయి కాబట్టి చాలాసార్లు అది 3 అవుతుంది. ఆ నంబరును ‘సాకెట్_నంబర్’ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో (ప్రోగ్రామ్ మొదలయ్యేటప్పుడు దానికి అందే, పేరున్న విలువ) పెట్టి వర్కర్లను మొదలుపెట్టండి. వర్కర్ ఆ వేరియబుల్ చదివి, నంబరుగా మార్చి, దాని మీద సాకెట్ ఆబ్జెక్ట్ కట్టుకుని యాక్సెప్ట్ పిలుస్తుంది.

ఇక్కడ కాస్త నిదానించాలి. వేరియబుల్‌లో వెళ్లేది సాకెట్ కాదు, ‘3’ అనే అక్షరం మాత్రమే. అసలు సాకెట్ ఫోర్క్ (ప్రాసెస్‌కు నకలు తీయడం), ఎగ్జెక్ (ఆ నకలులో కొత్త ప్రోగ్రామ్ ఎక్కించడం) దాటి వారసత్వంగా వస్తుంది. నమ్మకం లేకపోతే వేరే టెర్మినల్లో అదే వేరియబుల్ ఎక్స్‌పోర్ట్ చేసి వర్కర్‌ను నడిపి చూడండి. మామూలుగా ‘బ్యాడ్ ఫైల్ డిస్క్రిప్టర్’ అంటుంది. ఆ ప్రాసెస్‌లో 3 అనే నంబరు దగ్గర ఏమీ లేదు మరి.

పైథాన్‌లో వారసత్వం దానంతటదే రాదు. 3.4 వెర్షన్ నుంచి కొత్తగా తెరిచిన డిస్క్రిప్టర్లు ఎగ్జెక్‌తో మూసుకుపోతాయి. అందుకే సబ్‌ప్రాసెస్ పిలిచేటప్పుడు ‘పాస్_ఎఫ్‌డీస్’లో ఆ నంబరు ఇవ్వాలి. ‘నా వర్కర్ పోర్టు చూడట్లేదు’ అని టెన్షన్ పడేవాళ్లు ముందు చూడాల్సింది ఇదే.

నలుగురు వర్కర్లూ ఒకే సాకెట్ మీద యాక్సెప్ట్ పిలిస్తే గొడవ కాదా? కాదు. నరసాపురం రేవులో బళ్లన్నీ ఒకే వరసలో ఉంటాయి, ఖాళీగా ఉన్న పంటు ముందున్న బండిని ఎక్కించుకుంటుంది. వరస కెర్నెల్‌ది, పంట్లు మీ వర్కర్లు. ఒక కనెక్షన్ ఒక్క వర్కర్‌కే దక్కుతుంది. వర్కర్లందరినీ ఆపి కొత్తవాళ్లను పెట్టినా, పెద్ద ప్రాసెస్ సాకెట్ పట్టుకుని ఉంది కాబట్టి వచ్చినవాళ్లు వరసలో ఆగుతారు. వరస నిండిపోనంతవరకూ రిఫ్యూజ్డ్ అన్న మాట రాదు. ఈ ఒక్క లాభం కోసమైనా ఇంత శ్రమ పడొచ్చు.

ఒక చిక్కుంది. నాన్‌బ్లాకింగ్ (కనెక్షన్ లేకపోతే ఆగకుండా వెంటనే తిరిగి రావడం) అనే గుర్తు వర్కర్‌ది కాదు, అందరూ పంచుకున్న సాకెట్‌ది. ఒక వర్కర్ దాన్ని మారిస్తే మిగతా ముగ్గురికీ మారిపోతుంది. ఏ మోడ్ అన్నది పెద్ద ప్రాసెస్‌లోనే తేల్చేయండి.

ఇంకొకటి, వేరియబుల్ చదివిన వెంటనే తీసేయండి. లేదంటే మీ వర్కర్ ఇంకో ప్రోగ్రామ్‌ను నడిపితే దానికీ ఆ ‘3’ వెళ్తుంది. అక్కడ 3 అంటే లాగ్ ఫైలు కావచ్చు! లినక్స్‌లో సర్వీసులను నడిపే సిస్టమ్‌డీ ఇదే పద్ధతిలో ‘లిజన్_ఎఫ్‌డీస్’లో ఎన్ని సాకెట్లో చెబుతూ, పక్కనే ‘లిజన్_పిడ్’లో అవి ఏ పిడ్‌వో (ప్రాసెస్ నంబరు) కూడా రాస్తుంది. పిడ్ తనది కాకపోతే ప్రోగ్రామ్ వాటిని ముట్టుకోకూడదు. ఎన్‌జిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్ కూడా ఆగకుండా తన కొత్త బైనరీకి (ప్రోగ్రామ్ ఫైలుకు) మారడానికి తన పేరుతోనే ఉన్న వేరియబుల్‌లో సాకెట్ నంబర్లు పంపుతుంది. అంటే ఇదేమీ చిట్కా వైద్యం కాదు.

ఇంటి పని: ఇద్దరు వర్కర్లతో నడిపి, జవాబులో ప్రతి వర్కర్ తన పిడ్ చెప్పేలా చేయండి. తర్వాత పెద్ద ప్రాసెస్‌ను మాత్రమే కిల్ మైనస్ తొమ్మిదితో (సర్దుకునే అవకాశం ఇవ్వకుండా) చంపి మళ్లీ మొదలుపెట్టండి. ‘అడ్రస్ ఆల్రెడీ ఇన్ యూజ్’ వస్తుంది. పోర్టును ఇంకా ఎవరు పట్టుకున్నారో సాకెట్ల జాబితా చూపే ‘ఎస్‌ఎస్’ కమాండ్‌తో కనిపెట్టండి. ఆ వర్కర్లను మర్యాదగా దించడం అయిదో పాఠంలో.