థాయ్‌లాండ్ ఉద్యోగమా? చెన్నైలో విమానం ఎక్కేముందు చూసుకోవాల్సిన కాగితాలు

ఆఫర్ రాగానే ఏజెంటును ముందు ఒక్క ప్రశ్న అడగండి: "ఎయిర్‌పోర్టులో అడిగితే ఏం చెప్పాలి?" "వర్క్ వీసా మీద ఉద్యోగానికి పోతున్నానని చెప్పు" అంటే మిగతా కాగితాలు చూడొచ్చు. "టూరిస్టునని చెప్పు, హోటల్ బుకింగ్ నేనిస్తా, అక్కడికెళ్లాక వీసా మారుస్తాం, లోపల సెట్టింగ్ ఉంది" అంటే ఇంక మాట్లాడేదేం లేదు, ఫోను పెట్టేయండి. నెల్లూరు, తిరుపతి, కడప వైపు నుంచి చెన్నై మీదుగా పోయేవాళ్లకు ఈ ప్రశ్న లక్షలు మిగులుస్తుంది.

ఎయిర్‌పోర్టుల్లో తనిఖీలు ఇంతగా ఎందుకు బిగుస్తాయో థాయ్‌వాళ్ల అనుభవమే చెబుతుంది. థాయ్‌లాండ్‌కూ దక్షిణ కొరియాకూ 1981 నుంచి వీసా మినహాయింపు ఒప్పందం ఉంది. థాయ్ పౌరులు 90 రోజులు వీసా లేకుండా కొరియాలో ఉండొచ్చు. ఆ దారిన పర్యాటకుల్లా దిగి పొలాల్లో, ఫ్యాక్టరీల్లో, మసాజ్ పార్లర్లలో కుదురుకుని గడువు దాటినా ఉండిపోయినవాళ్లను థాయ్ భాషలో 'ఫీ నోయ్' అంటారు, అంటే చిన్న దెయ్యాలు. గల్ఫ్‌లో మనవాళ్లు 'ఖల్లివెల్లి' అనే బాపతే. 2021 సెప్టెంబరులో కొరియా కె-ఈటీఏ అనే ముందస్తు ఆన్‌లైన్ అనుమతి పెట్టింది. జెజు దీవికి మొదట్లో అది అక్కర్లేదు కాబట్టి, అనుమతి దొరకనివాళ్లు జెజు విమానాలెక్కారు. 2022లో జెజుకీ పెట్టేశారు. చివరికి నిజంగా నాలుగు రోజులు తిరిగొద్దామని పోయిన థాయ్ కుటుంబాలను కూడా కూర్చోబెట్టి ప్రశ్నించి వెనక్కి పంపారు. 2023లో 'కొరియా పోవద్దు' అంటూ థాయ్‌లు సోషల్ మీడియాలో పెద్ద గొడవే చేశారు. దొడ్డిదారిన పోయినవాళ్లు కొందరే, ప్రశ్నలు మాత్రం అందరికీ.

ఇక్కడే ఇంకో మాట. కొరియా ఫ్యాక్టరీ ఉద్యోగాలకు ఇచ్చే ఈ-9 వీసా, ఆ దేశం ఒప్పందం చేసుకున్న దేశాలవాళ్లకే. థాయ్‌లాండ్, నేపాల్, శ్రీలంక, బంగ్లాదేశ్ ఆ జాబితాలో ఉన్నాయి, భారత్ లేదు. తెలుగువాడికి ఈ-9 ఇప్పిస్తానన్నవాడు గాలిలో మేడ అమ్ముతున్నట్టే.

ముందు పాస్‌పోర్టు తెరవండి

సాధారణంగా పదో తరగతి పాసవ్వని వాళ్ల పాస్‌పోర్టులో 'ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్' అని ఉంటుంది. అదే ఈసీఆర్. ఆ ముద్ర లేకపోతే మీది ఈసీఎన్ఆర్, అంటే ఆ చెక్ అక్కర్లేని పాస్‌పోర్టు. ఈసీఆర్ పాస్‌పోర్టుతో 18 దేశాలకు పనికి వెళ్లాలంటే మన ప్రభుత్వ ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తప్పనిసరి. ఈసీఆర్ అంటే గల్ఫే అనుకుంటారు. మలేషియా, ఇండోనేషియాతో పాటు థాయ్‌లాండ్ కూడా ఆ 18లో ఉంది. చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే.

పది పాసయ్యాక కూడా పాత పాస్‌పోర్టులో ఈసీఆర్ అలాగే ఉండిపోతే, పది సర్టిఫికెట్ పెట్టి రీఇష్యూకి వెయ్యండి. ఆఫర్ చేతికొచ్చాక పరుగెత్తే కంటే ముందే చేయించుకోవడం మేలు.

ఈసీఆర్ ఉన్న ఆడవాళ్లకు ఇంకో షరతు: 30 ఏళ్లు నిండకపోతే ఈ దేశాలకు పనికి క్లియరెన్స్ ఇవ్వరు. వయసు ఎక్కువ వేసి పాస్‌పోర్టు చేయిస్తానన్న ఏజెంటు మిమ్మల్ని కేసులోకి దింపుతున్నాడని అర్థం.

ఏజెంటు, డబ్బు

1983 ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం విదేశాలకు మనుషుల్ని పంపేవాడికి విదేశాంగ శాఖ లైసెన్సు ఉండాలి. ఆ నంబరు ఆఫీసు గోడ మీదా, పేపరు ప్రకటనలోనూ, ఫేస్‌బుక్ పోస్టులోనూ కనబడాలి. నంబరు చూసి ఊరుకోకండి, పక్కోడి నంబరు వేసుకోవడం వీళ్లకు మామూలే. ఈమైగ్రేట్ ప్రభుత్వ వెబ్‌సైటులో ఏజెన్సీ పేరు కొట్టి మూడు చూడండి: లైసెన్సు ఇప్పుడు నడుస్తోందా, అక్కడున్న చిరునామా మీరు కూర్చున్న ఆఫీసుదేనా, అక్కడున్న ఫోను నంబరుకు చేస్తే ఈ మనిషి అక్కడ పనిచేస్తాడని చెబుతున్నారా. లైసెన్సు లేనివాళ్ల జాబితా కూడా అదే సైటులో పెడతారు. 'సబ్ ఏజెంట్' అనే మనిషికి చట్టంలో చోటే లేదు. ఊళ్లో బావ వరసైనవాడు, టీ కొట్టు దగ్గర పరిచయమైన అన్న ఎంత మంచివాళ్లయినా సరే, డబ్బు వాళ్ల చేతికి ఇవ్వొద్దు.

లైసెన్సున్న ఏజెంటు తీసుకోగలిగిన సర్వీసు చార్జి గరిష్ఠంగా 30,000 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ. మొత్తం 35,400. బ్యాంకు ద్వారానే కట్టి రసీదు తీసుకోండి. ఎమిగ్రేషన్ క్లియరెన్స్ రుసుము 200. ప్రవాసీ భారతీయ బీమా యోజన ప్రీమియం రెండేళ్లకు 275, మూడేళ్లకు 375, పన్ను అదనం. 10 లక్షల కవరేజీ. ఈ లెక్క పక్కన పెట్టుకుని చూస్తే లక్షన్నర అడిగేవాడు దేనికి అడుగుతున్నాడో మీకే తెలుస్తుంది.

పాస్‌పోర్టు వాళ్ల దగ్గర వదిలేయకండి. 2025 జనవరి 1 నుంచి మన దేశంలో థాయ్ వీసాలు ఈ-వీసాగా ఆన్‌లైన్‌లోనే ఇస్తున్నారు. స్కాన్ కాపీ చాలు. 'కాన్సులేట్‌లో ఇవ్వాలి, పాస్‌పోర్టు నా దగ్గరే ఉండనీ' అన్నాడంటే మీరు మనసు మార్చుకోకుండా కట్టేసుకుంటున్నాడన్నమాట.

ఆఫర్ లెటర్‌ను ఎలా చదవాలి

కాగితాన్ని పైనుంచి కిందికి వేలు పెట్టి చదవండి. కంపెనీ పేరు కింద 13 అంకెల రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి, థాయ్ కంపెనీలకు అది సున్నాతో మొదలవుతుంది. ఆ నంబరును థాయ్ వాణిజ్య శాఖ వెబ్‌సైటులో వెతకొచ్చు. మెయిల్ ఐడీ జీమెయిల్‌ది, సంతకం కింద 'హెచ్ఆర్ మేనేజర్' అని తప్ప పేరు లేదు, చిరునామాలో 'మే సాట్, తాక్ ప్రావిన్స్' అని ఉంది అంటే ఆ కాగితం చింపేయొచ్చు. మే సాట్ బ్యాంకాక్‌కు దాదాపు 500 కిలోమీటర్ల దూరంలో మయన్మార్ సరిహద్దు మీద ఉంటుంది. మోయి నది దాటితే మయన్మార్‌లోని మ్యావడీ, అంటే మనుషుల్ని బంధించి ఆన్‌లైన్ మోసాలు చేయించే సైబర్ కాంపౌండ్లు.

ఉద్యోగం పేరు కూడా చూడండి. 'డిజిటల్ సేల్స్ అండ్ మార్కెటింగ్ ఎగ్జిక్యూటివ్', 'డేటా ఎంట్రీ' లాంటివి, ఇంటర్వ్యూ అంటే వాట్సాప్ కాల్‌లో పది నిమిషాల మాటలు, ఒక టైపింగ్ టెస్టు, టికెట్టూ హోటలూ వాళ్లే ఇస్తారు. విదేశాంగ శాఖ 2022 నుంచీ హెచ్చరిస్తున్నది సరిగ్గా ఈ అచ్చునే. పనికొచ్చే మనిషిని ఏ కంపెనీ అయినా టైపింగ్ వేగం ఒక్కటే చూసి విమానం టికెట్ పెట్టి పిలిపించుకోదు.

ఇక జీతం. మామూలు ప్రైవేటు కంపెనీలో పనిచేసే భారతీయుడికి థాయ్ ఇమ్మిగ్రేషన్ అక్కడ ఉండేందుకు ఏడాది పొడిగింపు ఇవ్వాలంటే నెల జీతం కనీసం 35,000 బాత్ చూపించాలి. కంపెనీకి ఒక్కో విదేశీయుడికి నలుగురు థాయ్ ఉద్యోగులు, 20 లక్షల బాత్ మూలధనం ఉండాలన్నది సాధారణ లెక్క. '18,000 బాత్, భోజనం ఫ్రీ' అన్న ఆఫర్ మీద పొడిగింపు కష్టం. దుకాణంలో కౌంటర్ అమ్మకం, కటింగ్ షాపు, టూర్ గైడ్, డ్రైవింగ్, గుమాస్తా పని, థాయ్ మసాజ్, వీధి వ్యాపారం విదేశీయులకు పూర్తిగా నిషేధించిన పనుల్లో ఉన్నాయి. మన బట్టల షాపులో సేల్స్‌మన్ అని రాసిన ఆఫర్‌కు వర్క్ పర్మిట్ రానే రాదు.

వీసా మీద ఏ అక్షరం ఉంది

పనికి పోయేవాడి ఈ-వీసా కాగితం మీద 'నాన్ ఇమ్మిగ్రెంట్ బి' అని ఉండాలి. 'టూరిస్ట్' అని ఉంటే, లేదా వీసానే లేకపోతే, పనికి పనికిరాదు. భారతీయులకు థాయ్‌లాండ్ 2023 నవంబరులో వీసా మినహాయింపు ఇచ్చి, 2024 జూలైలో దాన్ని 60 రోజులు చేసింది. ఈ రోజుల లెక్క మారుతూ ఉంటుంది కనుక టికెట్టుకు ముందు చూసుకోండి. లెక్క ఎంతైనా అది తిరగడానికే, ఒక్క రోజు పనికి కూడా చెల్లదు. పర్మిట్ లేకుండా పనిచేస్తూ దొరికితే 5,000 నుంచి 50,000 బాత్ దాకా జరిమానా, దేశం నుంచి పంపేయడం, రెండేళ్లు వర్క్ పర్మిట్ దక్కకపోవడం. పనిలో పెట్టుకున్న యజమానికి మనిషికి 10,000 నుంచి లక్ష బాత్ దాకా పడుతుంది.

బి వీసాతో దిగితే మొదట 90 రోజులు ఇస్తారు. ఆ లోపు కంపెనీ వర్క్ పర్మిట్ తీసి, తర్వాత పొడిగింపుకు వేయాలి. పర్మిట్ చేతికొచ్చేదాకా పనిలో దిగొద్దు. దానిలో రాసిన కంపెనీలో, రాసిన పనే చేయాలి.

ఈసీఆర్ పాస్‌పోర్టయితే వీసా, ఉద్యోగ ఒప్పందం, బీమా పాలసీ, సర్వీసు చార్జి రసీదు ఈమైగ్రేట్‌లో పెట్టి క్లియరెన్స్ తీసుకోవాలి. ఈ క్లియరెన్స్ ఇచ్చే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ ఆఫీసు చెన్నైలో ఉంది. విదేశీ యజమాని కూడా ఈమైగ్రేట్‌లో నమోదై ఉండాలి, ఆలస్యమయ్యేది సాధారణంగా అక్కడే. కాబట్టి క్లియరెన్స్ రాకముందు టికెట్ కొనకండి.

చెన్నై కౌంటర్, బ్యాంకాక్ కౌంటర్

దిగడానికి ముందు మూడు రోజుల లోపు థాయ్ డిజిటల్ అరైవల్ కార్డు నింపాలి. 2025 మే 1 నుంచి అందరికీ తప్పనిసరి. ఇది ఉచితం. అసలు సైటు చివర 'జీఓ డాట్ టీహెచ్' అని ఉంటుంది, డబ్బు అడిగే సైటు నకిలీ. బి వీసా ఉన్నవాళ్లు ప్రయాణ కారణం దగ్గర 'సెలవులు' నొక్కేస్తుంటారు. వీసా ఒకటి, కార్డు ఒకటి చెబితే ప్రశ్నలు అక్కడే మొదలవుతాయి.

కాగితాలన్నీ ప్రింటు తీసి చేతి సంచిలో పెట్టుకోండి. వీసా, ఒప్పందం, కంపెనీ చిరునామా, అక్కడి మనిషి ఫోను, రసీదు. చెకిన్ సూట్‌కేసులో పెట్టి పంపేసి కౌంటర్ దగ్గర బిక్కమొహం వేసేవాళ్లు తక్కువేం కాదు. సెంట్రల్‌లో రైలు దిగితే మెట్రో నేరుగా ఎయిర్‌పోర్టుకే పోతుంది, మూడు గంటల ముందు చేరండి. గేటు బయట ఎవరో వచ్చి సీలు వేసిన కవరు చేతిలో పెడితే తీసుకోకండి. మీరు చదవని కాగితం మీ పేరుమీద చూపించకూడదు.

అధికారి అడిగేవి పెద్ద ప్రశ్నలు కావు: ఏ కంపెనీ, ఏం పని, జీతమెంత, ఎవరు పంపారు, ఎంత కట్టారు. ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఇంగ్లీషు రాకపోతే రాదనండి. అందులో నామోషీ లేదు. నిజంగా తిరగడానికే పోయేవాళ్లు తిరుగు టికెట్, బస చిరునామా, ఖర్చులకు డబ్బు చూపగలగాలి. ఈసీఆర్ ఉన్నవాళ్లకైతే తిరుగు టికెట్ మరీ ముఖ్యం.

ఆఫ్‌లోడ్ చేస్తే, అంటే విమానం ఎక్కనివ్వకుండా ఆపేస్తే, కారణం అడిగి తెలుసుకోండి. "రేపు బెంగళూరు నుంచి ట్రై చేద్దాం" అని ఏజెంటు అంటాడు. రెండు చోట్లా ఉన్నది ఒకే ఇమ్మిగ్రేషన్ శాఖ. కాగితాలు మారకుండా ఊరు మార్చి లాభం లేదు.

దిగాక తేడా కనబడితే

ఆఫీసు బ్యాంకాక్‌లో అని చెప్పి, ఎయిర్‌పోర్టులో ఎక్కించుకున్న కారు రెండు గంటలైనా ఆగకుండా ఉత్తరానికి పోతుంటే ఫోనులో మ్యాప్ తెరవండి. తాక్, మే సాట్ వైపు అయితే పెట్రోలు బంకులో ఆగినప్పుడే దిగిపోండి. సామాను పోతే పోనీ, పాస్‌పోర్టు, ఫోను చాలు. టూరిస్ట్ పోలీసు నంబరు 1155, ఇంగ్లీషులో మాట్లాడతారు. మనుషుల అక్రమ రవాణా ఫిర్యాదుకు 1300. నది దాటాక థాయ్ పోలీసు చెయ్యి అందదు. 2025 మార్చిలో ఆ కాంపౌండ్ల నుంచి బయటపడ్డ 549 మంది భారతీయులను మే సాట్ నుంచి రెండు వాయుసేన విమానాల్లో తీసుకొచ్చారు.

ఇప్పటికే గడువు దాటి ఉన్నవాళ్లు దాక్కోవడం కంటే తామే వెళ్లి చెప్పుకోవడం నయం. రోజుకు 500 బాత్ చొప్పున జరిమానా, 20,000 దాటదు. తామంతట తాము వచ్చినవాళ్లకు 90 రోజులు దాటితే ఏడాది, ఏడాది దాటితే మూడేళ్లు మళ్లీ రానివ్వరు. పట్టుబడితే మాత్రం ఏడాది లోపుదానికే ఐదేళ్లు. పాస్‌పోర్టు యజమాని లాక్కుంటే బ్యాంకాక్ భారత రాయబార కార్యాలయం ఇంటికి తిరిగి రావడానికి ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇస్తుంది. కార్యాలయం సుఖుమ్‌విత్ 23వ వీధిలో ఉంది.

ఇంటివాళ్లు ఇక్కడ చేయాల్సింది: ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రానికి 1800 11 3090 మీద ఫోను, విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు, ఏజెంటు మీద పోలీసు కేసు. వాట్సాప్ చాట్‌ను స్క్రీన్‌షాట్లతో సరిపెట్టకుండా ఎక్స్‌పోర్ట్ చేసి దాచండి. ఏజెంటు "డిలీట్ ఫర్ ఎవ్రీవన్" కొట్టక ముందే. యూపీఐ రసీదులు, టికెట్ పీఎన్ఆర్, ఆఫీసు బోర్డు ఫోటో కలిపి ఒకే ఫైలులో పెడితే స్టేషన్లో రెండోసారి తిరగక్కర్లేదు.