నాలుగు గళ్లతో జంపఖానా డిజైన్

మాది వరంగల్ కొత్తవాడ. జంపఖానాల డిజైన్లు గళ్ల కాగితం మీద గీసి మగ్గానికి ఇవ్వడం నా పని. కొత్తది కావాలన్నప్పుడు నేను ఎక్కువగా నమ్ముకునేది ఒక చిన్న నియమాన్ని. నాలుగు గళ్లు నింపి, ఆ నియమాన్నే మళ్లీ మళ్లీ పాటిస్తే డిజైన్ దానంతటదే విచ్చుకుంటుంది. సెల్యులర్ ఆటోమేటా, అంటే ఇలా ఒక నియమం ప్రకారం గళ్లు మారుతూ పోయే పద్ధతులు, తెలిసినవాళ్లు ఈ నియమాన్ని సర్వియెట్స్ అంటారు, పర్షియన్ రగ్ అని కూడా అంటారు. కంప్యూటర్‌లో చూసే ముందు ఒక్కసారైనా పెన్సిల్‌తో చేయండి. అప్పుడే ఇది ఎందుకు ఆగదో అర్థమవుతుంది.

ప్రతి గడికీ చుట్టూ ఎనిమిది పొరుగు గళ్లుంటాయి, మూలలవి కూడా కలిపి. ఖాళీ గడి చుట్టూ రెండు, మూడు లేదా నాలుగు నిండు గళ్లుంటే అది తర్వాతి తరంలో, అంటే తర్వాత వేసే బొమ్మలో, నిండుతుంది. నిండిన గడి మాత్రం తర్వాతి తరంలో తప్పకుండా ఖాళీ అవుతుంది, ఏదీ మిగలదు. ఇదంతా ఒకేసారి జరగాలి. అందుకే పాత బొమ్మను ముట్టుకోకుండా, దాన్ని చూసి లెక్కపెడుతూ, కొత్త బొమ్మ పక్క కాగితం మీద వేయండి.

కాగితం నడుమ రెండు అడ్డం, రెండు నిలువు గళ్లు నింపండి. వాటి నాలుగు వైపులా ఆనుకుని ఉన్న ఎనిమిది గళ్లకూ రెండేసి నిండు పొరుగులు దొరుకుతాయి, కాబట్టి నిండుతాయి. మూలన ఉన్న గళ్లకు ఒక్కటే దొరుకుతుంది, అవి ఖాళీగానే ఉంటాయి. నడుమ నాలుగూ పోతాయి. ఇది మొదటి తరం. రెండో తరంలో ఆ నడిమి గళ్లకు నాలుగేసి పొరుగులు కనబడతాయి, మళ్లీ నిండుతాయి. బయట ఎనిమిది, మూలల్లో నాలుగు కలిపి మొత్తం పదహారు. మొదటి బొమ్మ నుంచి ఐదో తరం దాకా మీ లెక్క 4, 8, 16, 16, 32, 40 రావాలి. ఎప్పుడైనా నాలుగుతో భాగించలేని సంఖ్య వచ్చిందంటే ఎక్కడో గడి జారిందన్నమాట. నిజానికి పావు భాగం లెక్కపెడితే చాలు, మిగతా మూడు పావులూ దాని ప్రతిబింబాలే. నడిమి గీత పక్కనున్న గళ్లకు మాత్రం అవతలి పావులోని పొరుగుల్ని కూడా కలుపుకోవాలి.

కాగితం ఎంత కావాలో ముందే తెలుస్తుంది. తరం సంఖ్యను రెండింతలు చేసి రెండు కలపండి. పదో తరానికి 22 గళ్ల వెడల్పు, ఇరవయ్యో తరానికి 42.

ఇంత కచ్చితంగా ఎలా చెప్పగలను? కొసను చూడండి. పై కొసలో ఎప్పుడూ పక్కపక్కన రెండు నిండు గళ్లుంటాయి. వాటి పైవరసలో ఆ రెండింటినీ ఆనుకుని ఉండేవి రెండే గళ్లు, అవే నిండుతాయి. అటూ ఇటూ ఉన్నవాటికి ఒక్క పొరుగే దొరుకుతుంది. కాబట్టి కొత్త కొస కూడా రెండు గళ్లే. అది తరానికి ఒక గడి చొప్పున ఎప్పటికీ ముందుకు పోతూనే ఉంటుంది. చుట్టూ ఉన్న ఎనిమిది గళ్లనే చూసే ఏ నియమంలోనూ ఇంతకన్నా వేగం సాధ్యం కాదు. దీన్ని ఇక్కడి కాంతివేగం అంటారు. గణిత శాస్త్రవేత్త జాన్ కాన్వే తయారుచేసిన, 1970లో లోకానికి తెలిసిన లైఫ్ ఆటలో గడి పుట్టాలంటే, అంటే ఖాళీ గడి నిండాలంటే, సరిగ్గా మూడు పొరుగులు కావాలి. అక్కడ మన నాలుగు గళ్లు ఎన్ని తరాలైనా కదలవు. పెరుగుదల ఆగదని సులువుగా నిరూపించే వీలు ఉండకూడదనే కాన్వే ఆ నియమాలు ఎంచుకున్నాడు. ఇక్కడ రెండు పొరుగులతోనే పుట్టుక మొదలవుతుంది, అందుకే పేలుడు.

బ్రయాన్ సిల్వర్‌మన్ కనిపెట్టిన సీడ్స్ దీనికి దగ్గరి చుట్టం. అందులో సరిగ్గా రెండు పొరుగులుంటేనే పుట్టుక. అదే నాలుగు గళ్లతో మొదలుపెడితే రెండో తరంలో నడుమ ఖాళీగా ఉండి 12 గళ్లే వస్తాయి. నాకైతే నడుమ నిండే పర్షియన్ రగ్గే ఇష్టం.

చేయి అలవాటయ్యాక గాలీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకోండి. నియమం అడిగే చోట ఇంగ్లిష్ అక్షరం బి, తర్వాత 234, ఏటవాలు గీత, చివర ఎస్ టైప్ చేయండి. ఎస్ తర్వాత ఏమీ రాయొద్దు. ఒక్కో తరం చొప్పున నడిపిస్తూ నచ్చిన చోట ఆపండి. మొదటి బొమ్మను మార్చి చూడండి. కానీ అందులో సౌష్ఠవం ఉండేలా చూసుకోండి, మొదట ఉన్న సౌష్ఠవం చివరిదాకా చెడదు. ఇష్టమొచ్చినట్టు గీకితే కంటికి ఆనని గజిబిజి పరుచుకుంటుంది.

ఇక మగ్గానికి ఇచ్చే ముందు ఒక పని. కొసల్లో తప్ప, బొమ్మ అంచు గళ్లు మూలలతోనే తాకుతుంటాయి. మా పెద్దబాపు ఆ కాగితం చూసి "బిడ్డా, గిట్ల ఒంటి గళ్లుంటే నేత నిండుగ కనబడది" అన్నాడు. దానికి మందు నియమంలోనే ఉంది. నిండిన గడి తర్వాతి తరంలో ఖాళీ అవ్వాల్సిందే కాబట్టి, వరుసగా వచ్చే రెండు తరాలు ఒక్క గడి దగ్గర కూడా కలవవు. నాలుగో తరం ఎరుపులో, ఐదో తరం నలుపులో ఒకే కాగితం మీద వేయండి. 32, 40 కలిపి 72 గళ్లు నిండి, మెట్లు మెట్లుగా అంచున్న వజ్రాకారం వస్తుంది. దాని లోపల పన్నెండే తెల్ల గళ్లు మిగులుతాయి: నట్టనడుమ నాలుగు, నాలుగు దిక్కులా రెండేసి.