వెనక టక్ టక్ శబ్దమా? షాక్ అబ్జార్బర్లు మార్చే ముందు ఇది చూడండి

స్పీడ్ బ్రేకర్ మీద ఒక చక్రం ముందు ఎక్కినప్పుడల్లా కారు వెనక నుంచి టక్కుమని శబ్దం. అంతకుముందే లావు యాంటీ రోల్ బార్ (మలుపుల్లో కారు వాలకుండా రెండు వైపుల చక్రాలను కలిపే ఇనుప కడ్డీ) వేయించాను, అనుమానం దాని మీదే. మెకానిక్ మాత్రం షాక్ అబ్జార్బర్లు రెండూ మార్చాలన్నాడు.

మార్చే ముందు ఇలా చూశాను. వెనక రెండు చక్రాలనూ ఒకే ఎత్తుకు లేపి స్టాండ్లు పెట్టాలి. ఒక్క వైపే లేపితే బార్ మెలిపడి ఉండి లింకు (బార్ కొసను చక్రం వైపు కలిపే చిన్న కడ్డీ) బోల్టు ఊడి రాదు (నాకు అరగంట పోయింది ఇక్కడే). రెండు లింకులూ విప్పి, దేనికీ తగలకుండా జిప్ టైలతో గట్టిగా కట్టి, అదే స్పీడ్ బ్రేకర్ మీద 10, 15 కిలోమీటర్ల వేగంతో పోనివ్వాలి. శబ్దం పోతే తప్పు లింకులదో, బార్‌ను పట్టి ఉంచే రబ్బరు బుష్‌లదో. నాది ఎడమ లింకు చివరి బాల్ జాయింట్ (గుండ్రటి కీలు) అరిగింది. లింకుల జత మార్చాను, అంతే.

బార్ లేని కారు మలుపుల్లో బాగా వాలుతుంది, అలా హైవే ఎక్కొద్దు. వెనక టార్షన్ బీమ్ (రెండు వెనక చక్రాలనూ కలిపే ఒకే దూలం) ఉన్న చిన్న కార్లలో చాలావాటికి అసలు లింకులే ఉండవు, వాటికి ఈ పద్ధతి పనికిరాదు.