కమాండ్ అవుట్‌పుట్‌ను పోస్ట్‌గ్రెస్ టేబుల్‌లోకి తెచ్చుకోవడం ఎలా?

ఆదోనిలో పత్తి సీజన్ ఊపందుకుంటే మిల్లు సర్వర్‌కూ ఊపిరాడదు, తూకం చీటీలు, బిల్లులు, రోజువారీ బ్యాకప్‌లు అన్నీ అందులోనే పడుతుంటాయి కాబట్టి డిస్క్ ఎంత నిండిందో కనిపెట్టుకొని ఉండాల్సిందే. గుమస్తాకు సర్వర్ లాగిన్ ఇవ్వలేం కదా, కానీ ఆయన రోజూ చూసే రిపోర్టులోకే ఆ లెక్క తేవచ్చు.

పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో, సర్వర్ కమాండ్ అవుట్‌పుట్‌ను నేరుగా టేబుల్‌లోకి తెచ్చే సదుపాయం 9.3 వెర్షన్ నుంచి, అంటే 2013 నుంచి ఉంది. ముందుగా ఒక తాత్కాలిక టేబుల్ (కమాండ్లు కొట్టేటప్పుడు ఇంగ్లీషు అక్షరాలే వాడండి):

క్రియేట్ టెంప్ టేబుల్ డిస్క్ (నెం సీరియల్, లైన్ టెక్స్ట్);

తర్వాత అసలు పని:

కాపీ డిస్క్ (లైన్) ఫ్రమ్ ప్రోగ్రామ్ 'డీఎఫ్ -పీ';

అంతే, డీఎఫ్ (డిస్క్ ఎంత నిండిందో చెప్పే కమాండ్, దాని వెనక పీ క్యాపిటల్ అక్షరమే) చూపించే ప్రతి లైనూ ఒక్కో రో అయిపోతుంది. మొదటి రో హెడ్డింగు, దాన్ని వదిలేయండి. మిగతా వాటిని రెజెక్స్‌పీ స్ప్లిట్ టు అర్రే (పదాల మధ్య అండర్‌స్కోర్) ఫంక్షన్‌తో ఖాళీల దగ్గర విడగొడితే అయిదో ముక్కలో నిండిన శాతం ఉంటుంది. దాన్ని తేదీతో సహా శాశ్వత టేబుల్‌లో వేసుకుంటే రోజురోజుకూ ఎంత పెరుగుతోందో రిపోర్టులో తెలిసిపోతుంది.

చాలామంది తికమకపడేది ఒక చోట. ఈ కమాండ్ నడిచేది మీ ల్యాప్‌టాప్‌లో కాదు, డేటాబేస్ ఉన్న సర్వర్‌లో, అదీ పోస్ట్‌గ్రెస్ సర్వీసు నడిచే యూజర్ పేరు మీద. పీఎస్‌క్యూఎల్‌లో (పోస్ట్‌గ్రెస్‌కు కమాండ్లు పంపే ప్రోగ్రామ్) కాపీ ముందు బ్యాక్‌స్లాష్ పెడితే మాత్రం మీ సొంత మిషన్ మీదే నడుస్తుంది, అప్పుడు సర్వర్ డిస్క్ అనుకుని మీ ల్యాప్‌టాప్ డిస్క్ చూసి టెన్షన్ పడతారు.

వేరే కమాండ్ వాడితే ఇంకొన్ని చిక్కులు. అవుట్‌పుట్‌లో ట్యాబ్ వస్తే దాన్ని కొత్త కాలమ్ అనుకుని ఎర్రర్ ఇస్తుంది, కాబట్టి సీఎస్‌వీ ఫార్మాట్ పెట్టి, అవుట్‌పుట్‌లో ఎప్పుడూ రాని రెండు అక్షరాలను డెలిమిటర్‌గా (కాలమ్‌లను విడదీసే గుర్తు), కోట్‌గా ఇవ్వండి. లైన్లలో పదాలు వెతికే గ్రెప్ కమాండ్‌కు ఏమీ దొరక్కపోతే అది 1 అనే ఎగ్జిట్ కోడ్ (కమాండ్ ముగిశాక ఇచ్చే నంబరు) ఇస్తుంది, పోస్ట్‌గ్రెస్ దాన్ని ఫెయిల్ అయినట్టే లెక్కేసి మొత్తం కాపీని రద్దు చేస్తుంది. కమాండ్ చివర రెండు నిలువు గీతలు పెట్టి ట్రూ అని రాస్తే సరిపోతుంది.

ఇక పర్మిషన్. సూపర్‌యూజర్‌కో (డేటాబేస్‌లో అన్ని హక్కులూ ఉన్న లాగిన్), లేదా 11వ వెర్షన్ నుంచి ఉన్న పీజీ ఎగ్జిక్యూట్ సర్వర్ ప్రోగ్రామ్ రోల్ ఉన్నవాళ్లకో మాత్రమే ఇది నడుస్తుంది. బిల్లింగ్ అప్లికేషన్ వాడే లాగిన్‌కు ఆ రోల్ ఇవ్వొద్దంటే ఇవ్వొద్దు, ఎవడైనా ఫారంలో ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ చేస్తే, అంటే డేటా బదులు డేటాబేస్ కమాండ్లు దూరిస్తే, సర్వర్‌లో కమాండ్లు కొట్టే దారి వాడికి మీరే ఇచ్చినట్టు. కాపీ పని వేరే లాగిన్‌తో క్రాన్‌లో (చెప్పిన వేళకు కమాండ్లను దానంతటదే నడిపే సదుపాయం) నడిపి, గుమస్తాకు ఆ శాశ్వత టేబుల్‌ను చదివే హక్కు ఒక్కటి ఇస్తే చాలు.

మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్ వాడేవాళ్లు సర్వర్ కమాండ్లు నడిపే ఎక్స్‌పీ కమాండ్‌షెల్‌ను, ఫలితాన్ని టేబుల్‌లో వేసే ఇన్సర్ట్ ఎగ్జెక్‌తో కలిపి ఇదే పని చేయొచ్చు, కాకపోతే అది మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది, ఆన్ చేశాక ఎవరెవరు వాడగలరో ఒకసారి చూసుకోండి.