యునిలాలో చేరేవాళ్లకు: కాగితాలు, వంతెన, రెండు భాషలు

బ్రెజిల్, పరాగ్వే, అర్జెంటీనా సరిహద్దులు కలిసేచోట, ఫోజ్ దో ఇగ్వాసు నగరంలో ఉంది యునిలా. లాటిన్ అమెరికా దేశాలను దగ్గర చేయడానికని బ్రెజిల్ 2010 జనవరిలో చట్టం చేసి పెట్టిన ఫెడరల్ విశ్వవిద్యాలయం ఇది. చదువు పోర్చుగీసు, స్పానిష్ రెండింటిలోనూ సాగుతుంది. ప్రభుత్వ సంస్థ కాబట్టి ఫీజు ఉండదు. సగం సీట్లు బ్రెజిల్ వాళ్లకు, సగం చుట్టుపక్కల దేశాల వాళ్లకు అన్నది మొదటి నుంచీ ఉన్న లెక్క. బ్రెజిల్ విద్యార్థులు ఎనెమ్ అనే జాతీయ పరీక్ష మార్కులతో, సీట్లు కేటాయించే ప్రభుత్వ వ్యవస్థ సిసు ద్వారా వస్తారు. లాటిన్ అమెరికా, కరేబియన్ దేశాల వాళ్లకు విడిగా అంతర్జాతీయ ఎంపిక ఉంటుంది. ఇక్కడ చెప్పేది స్పానిష్ మాట్లాడే దేశం నుంచి డిగ్రీకి వచ్చేవాళ్ల గురించి.

ముందు మార్కుల జాబితా చూసుకోండి. ఎంపికలో స్కూలు మార్కులే కీలకం, పైగా మార్కులు వేసే పద్ధతి దేశానికో రకం: చిలీలో 7కి, పరాగ్వేలో 5కి, బ్రెజిల్‌లో 10కి. ఎంతకు ఎంత, పాస్ కావడానికి కనీసం ఎంత రావాలి అన్నవి జాబితా మీదే అచ్చయి ఉండాలి. లేకపోతే స్కూలు నుంచి ఆ వివరంతో ఒక పత్రం తీసుకోండి. సర్టిఫికెట్లకు హేగ్ ఒప్పందం ప్రకారం అపోస్టిల్ ముద్ర (పత్రం అసలైనదేనని వేరే దేశానికి తెలిపే ముద్ర) కావాలంటే అది వాటిని జారీ చేసిన దేశంలోనే పడాలి. బ్రెజిల్ చేరాక ఇక్కడి నోటరీ ఆఫీసు చుట్టూ ఎంత తిరిగినా లాభం లేదు. ఊరు వదలకముందే వేయించుకోండి.

పేరు దగ్గర చాలామంది ఇరుక్కుంటారు. స్పానిష్ దేశాల్లో సాధారణంగా తండ్రి ఇంటిపేరు ముందు, తల్లిది తర్వాత. బ్రెజిల్‌లో చివర వచ్చేది తండ్రి ఇంటిపేరు. గుమస్తా తన అలవాటు కొద్దీ తిరగేసి రాస్తే ఒక కార్డులో పేరు ఇంకో కార్డుతో కలవదు. ప్రతి దరఖాస్తులోనూ పాస్‌పోర్టులో ఉన్న వరుసే రాయండి, కౌంటర్ దగ్గర నిలబడి ఉండగానే అక్షరం అక్షరం సరిచూసుకోండి. బ్రెజిల్ దరఖాస్తుల్లో తల్లిదండ్రుల పేర్లు తప్పకుండా అడుగుతారు. అవి గుర్తింపు కార్డులో లేకపోతే జనన ధ్రువపత్రం వెంట ఉండాల్సిందే.

ఇక వంతెన. పరాగ్వే వైపు నుంచి, సియుదాద్ దెల్ ఎస్తె మీదుగా వచ్చేవాళ్లు స్నేహ వంతెన దాటుతారు. రోజూ దాటే జనం ఎక్కువ కాబట్టి సిటీ బస్సులు ఇమిగ్రేషన్ దగ్గర అందరికోసం ఆగవు. మీరే దిగాలి. వంతెనకు ఆవల పరాగ్వే వాళ్ల దగ్గర నిష్క్రమణ, ఈవల బ్రెజిల్ ఫెడరల్ పోలీసుల దగ్గర ప్రవేశం నమోదు చేయించుకోవాలి. ఎక్కిన బస్సు పోతే పోనివ్వండి, వెనకాల ఇంకోటి వస్తుంది. ఈ నమోదు లేకపోతే తర్వాత నివాస అనుమతి అడిగినప్పుడు మీరు ఎప్పుడు, ఎలా వచ్చారో చూపించలేరు, ఫైలు అక్కడే ఆగుతుంది. అర్జెంటీనా నుంచి ప్వెర్తో ఇగ్వాసు మీదుగా, తాంక్రేదో నెవెస్ వంతెన దాటి వచ్చినా ఇదే జాగ్రత్త.

అర్జెంటీనా, పరాగ్వే, ఉరుగ్వే, బొలీవియా, చిలీ, పెరూ, కొలంబియా, ఈక్వడార్ పౌరులకు విద్యార్థి వీసా కన్నా దక్షిణ అమెరికా దేశాల కూటమి మెర్కోసుర్ నివాస ఒప్పందమే మేలు. నివాస అనుమతి మొదట 2 ఏళ్లకు ఇస్తారు, పని చేసుకోవచ్చు, గడువు దగ్గర పడుతుండగా శాశ్వత నివాసానికి మార్చుకోవచ్చు. దీనికి సొంత దేశం నుంచి నేరచరిత్ర లేదన్న పత్రం కావాలి. దానికి గడువు తక్కువ, అందుకే మరీ ముందుగా తీసుకోకండి. ఫెడరల్ పోలీసుల దగ్గర అపాయింట్‌మెంట్ దొరకడానికి ఆలస్యం అవుతుంది కాబట్టి వచ్చిన వారంలోనే బుక్ చేసుకోండి. సీపీఎఫ్ అనే పన్ను నమోదు నంబరు మాత్రం అంతకంటే ముందే కావాలి: బ్యాంకు ఖాతాకు, అద్దె ఒప్పందానికి అదే ఆధారం. ఇల్లు అద్దెకిచ్చేవాళ్లు హామీదారును అడుగుతారు. కొత్తవాళ్లకు హామీదారు ఎక్కడ దొరుకుతాడు? డిపాజిట్ ఇస్తామనండి. చట్టం ప్రకారం అది 3 నెలల అద్దెకు మించకూడదు. విశ్వవిద్యాలయం ఇచ్చే వసతి, భోజన సాయం ఎవరికీ దానంతటదే రాదు, నోటిఫికేషన్ పడ్డప్పుడు దరఖాస్తు పెట్టాలి. మొదటి నెలల ఖర్చు చేతిలో ఉంచుకునే రండి.

భాష సంగతి పైకి తేలిక, లోపల కష్టం. స్పానిష్ వచ్చినవాళ్లకు పోర్చుగీసు పుస్తకం చాలావరకు అర్థమవుతుంది, దాంతో ధీమా వస్తుంది. పాఠం వినేసరికి బోల్తా పడతారు. స్పానిష్‌లో అచ్చులు 5. బ్రెజిల్ పోర్చుగీసులో నోటితో పలికేవి 7, ముక్కుతో పలికేవి ఇంకో 5. పైగా పదం చివరి అచ్చును మింగేస్తారు. అందుకే బ్రెజిల్ వాడికి స్పానిష్ అర్థమైనంత సులువుగా స్పానిష్ వాడికి పోర్చుగీసు అర్థం కాదు. మొదటి సెమిస్టర్లలో అందరూ చదివే ఉమ్మడి కోర్సులో లాటిన్ అమెరికా చరిత్ర, సమాజంతో పాటు అవతలి భాష కూడా తప్పనిసరి. అది సులువే కదా అని వదిలేసినవాళ్లే వెనకబడతారు.

పాఠ్యాంశాన్ని ముందురోజే చదివి వెళ్లండి. అప్పుడు చెవికి పట్టుకోవాల్సింది ఉచ్చారణ ఒక్కటే. ముఖ్యమైన పారిభాషిక పదాలు రెండు భాషల్లోనూ పక్కపక్కన రాసుకోండి. పరీక్షలో ఏ భాషలో రాయవచ్చో అధ్యాపకుడిని మొదటి వారమే అడగండి. క్యాంటీన్‌లో పోర్తున్యోల్ అనే రెండు భాషల కలగాపులగం మాట్లాడితే ఎవరూ ఏమీ అనరు, కానీ వ్యాసంలో ఏదో ఒక భాషకే కట్టుబడాలి, లేకపోతే వాక్యం రెంటికీ చెడుతుంది. కలిసి చేసే పనుల్లో మీ బృందంలో కనీసం ఒక బ్రెజిల్ విద్యార్థి ఉండేలా చూసుకోండి. నివేదికలో ఎవరి భాగం వాళ్ల భాషలో రాసి, అవతలి భాషవాళ్లతో చదివించి ప్రశ్నలు వేయించుకోండి. ఇంట్లో గ్వరానీ, క్వెచువా లాంటి ఆదివాసీ భాషలు మాట్లాడేవాళ్లకు పోర్చుగీసు మూడో భాష. మొదటి సెమిస్టర్‌లో వాళ్లు సబ్జెక్టులు కొంచెం తక్కువ పెట్టుకోవచ్చా అని కోర్సు సమన్వయకర్తను ముందే అడగాలి.