పాత సిమ్‌ను పారేయకముందు ఒక్క మాట

విదేశానికి కొత్తగా వచ్చినవాళ్ళు ముందుగా అడిగేది ఇదే: ఏ మెసేజింగ్ యాప్ మంచిది? తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, అది మీరు తేల్చాల్సిన విషయం కాదు. మీరు దిగిన దేశం ఎప్పుడో తేల్చేసింది. జపాన్‌లో, తైవాన్‌లో లైన్. కొరియాలో కకావోటాక్. చైనాలో వీచాట్. వియత్నాంలో జాలో. అమెరికాలోనైతే మామూలు ఎస్సెమ్మెస్‌తోనో, ఐఫోన్‌లోని ఐమెసేజ్‌తోనో పని గడిపేవాళ్ళు చాలామంది. ఇంటి యజమాని, పై అధికారి, పిల్లల బడివాళ్ళు ఎందులో ఉంటే మీరూ అందులో ఉండాలి. ఏది గొప్పదో తీరిగ్గా వాదించుకోవచ్చు.

నేను వచ్చిన కొత్తలో మా భవనంలో నీళ్ళు ఆపే కబురు అక్కడివాళ్ళ గ్రూపులో మాత్రమే పెట్టేవారు. అలాంటి గ్రూపు ఒకటుందని నాతో ఎవరూ అనలేదు. ఒంటినిండా సబ్బు నురగతో ఎండిపోయిన కుళాయి ముందు నిలబడ్డాక పక్కింటాయన తాపీగా చెప్పాడు. మీరు తాళాలు అందుకునేటప్పుడే అడిగేయండి, ఇక్కడి కబుర్లు ఎందులో వస్తాయని.

చైనా వెళ్ళేవాళ్ళు వీచాట్ ఖాతాను బయలుదేరకముందే తెరవాలి. ఇప్పటికే వాడుతున్నవారు ఒకరు క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి హామీ పడాలని అది తరచూ అడుగుతుంది. వాట్సాప్‌ను అక్కడ 2017లోనే అడ్డుకున్నారు కాబట్టి ఇంట్లోవాళ్ళ ఫోన్లలోనూ వీచాట్ వేయించి వెళ్ళండి.

ఇక అసలు సంగతి. వాట్సాప్, టెలిగ్రామ్, సిగ్నల్, ఈ మూడింటికీ మీ ఫోను నంబరే పునాది. కొత్త సిమ్ చేతికి రాగానే పాతది ఏ సొరుగులోనో పడేస్తారు. రీఛార్జి ఆగుతుంది. కొన్నాళ్ళకు కంపెనీ ఆ నంబరును ఇంకొకరికి ఇచ్చేస్తుంది. ఈ మధ్యే ఒక అబ్బాయి ఫోను పాడైంది. కొత్త ఫోనులో వాట్సాప్ వేసి పాత నంబరు కొట్టాడు. ఆరంకెల కోడ్ తిన్నగా ఆ నంబరు కొత్త యజమానికి చేరింది. ఆయనకు ఫోన్ చేసి "కోడ్ కాస్త చెబుతారా" అని అడిగితే, మోసగాడనుకుని నాలుగు తిట్టి పెట్టేశాడు. ఆయన్ను తప్పుపట్టలేం. కోడ్ ఎవరికీ చెప్పవద్దని మనమే కదా అందరికీ నూరిపోస్తున్నాం!

యాప్‌లను పోల్చాలనుకుంటే ఈ కోణంలో పోల్చండి: మీ నంబరు పరాయివాళ్ళ చేతిలో పడితే ఏమవుతుంది? సిగ్నల్‌లో పాత సందేశాలు మీ ఫోనులోనే ఉంటాయి, ఆ కొత్త మనిషికి కనబడవు. వాట్సాప్‌లోనూ అంతే. ఖాతా 45 రోజులు కదలకుండా ఉండి, ఆ తర్వాత వేరే ఫోనులో తెరుచుకుంటే, నంబరు చేతులు మారిందని గ్రహించి పాత ఫోటో, పరిచయ వాక్యం తీసేస్తుంది. కానీ ఆ రోజు నుంచి మీ పిన్ని పెట్టే సందేశాలు ఆ పరాయి మనిషికి వెళ్తాయి. అన్నిటికన్నా ప్రమాదం టెలిగ్రామ్‌తో. అందులో మామూలు సంభాషణలన్నీ వాళ్ళ సర్వర్లలో ఉంటాయి. రెండో పాస్‌వర్డ్ పెట్టుకోకపోతే, ఎస్సెమ్మెస్‌లో వచ్చిన కోడ్‌తో ఆ మనిషి లోపలికి వచ్చి మీ పాత ముచ్చట్లన్నీ చదువుకోవచ్చు. సర్వర్లలో దాచని సీక్రెట్ చాట్‌లు మాత్రమే దీనికి మినహాయింపు.

అందుకని, పాత సిమ్ బతికుండగానే సెట్టింగ్స్‌లోకి వెళ్ళి నంబరు మార్చండి. మూడింట్లోనూ ఆ సౌకర్యం ఉంది. ఫోను కూడా మారుస్తున్నారా? అయితే ముందు పాత ఫోనులోనే నంబరు మార్చి, తర్వాత కొత్త ఫోనుకు వెళ్ళండి. ఈ వరుస తిరగబడితే చిక్కే. వాట్సాప్‌లో ఎస్సెమ్మెస్ కోడ్‌తో పాటు అడిగే రెండంచెల పిన్ పెట్టి, ఈమెయిల్ కూడా జతచేయండి. ఈమెయిల్ లేకుండా పిన్ మరిచిపోతే వారం రోజులు బయటే కూర్చోవాలి. ఇంకొకటి, దీన్ని ఎవరూ చెప్పరు. మీ ఫోనులో దేశపు కోడ్ లేకుండా దాచుకున్న నంబర్లన్నీ కొత్త దేశపు నంబరుకు మారగానే గుర్తు తెలియనివైపోతాయి. మేనమామ పేరు పోయి ఉత్త అంకెలు కనబడతాయి. ప్రతి నంబరు ముందూ + గుర్తు, దేశపు కోడ్ చేర్చండి. విసుగు పనే, ఒక ఆదివారం కూర్చుని చేసేయండి.

బ్యాంకు ఓటీపీల గురించి అడగకండి. అదొక పెద్ద భారతం.

సరే, ఇంత బెదరగొట్టాక ఇదీ చెప్పాలి. పాత సిమ్ ఇప్పటికే పోయినా, మీ ఫోనులో వాట్సాప్ ఇంకా తెరుచుకుంటుంటే పరవాలేదు. నంబరు మార్చేటప్పుడు కోడ్ కొత్త నంబరుకే వస్తుంది, పాతదానితో పనిలేదు. అంటే ఇవాళే చేసేయవచ్చు. అసలు ఖాతానే పోయినా కొంపేమీ మునగదు. కొత్త నంబరుతో మొదలుపెట్టి, ఇంట్లో ఒకరికి ఫోన్ చేసి, గ్రూపుల్లో చేర్పించమనండి. ఆ అబ్బాయీ అదే చేశాడు. వాళ్ళ కుటుంబం గ్రూపులో పొద్దున్నే వచ్చిపడే శుభోదయం బొమ్మల గురించి ఇప్పుడు నా దగ్గర విసుక్కుంటున్నాడు.