సోలార్ హీటరు నుంచి దిగే వేడినీటి లైనుకు పైపులు, అతుకులు ఎంచుకోవడం

అనంతపురంలో కొత్తగా ఇల్లు కట్టుకునేవారు సోలార్ హీటరు ఏ కంపెనీది, ఎన్ని లీటర్లది అని పదిమందిని అడిగి తెలుసుకుంటారు గానీ, మిద్దె మీది ట్యాంకు నుంచి స్నానాల గదికి దిగే లైనును ప్లంబరుకే వదిలేస్తారు. కొన్ని వేసవులు గడిచాక గోడలో తేమ కనిపిస్తే, చాలాసార్లు అది వేడినీటి లైనులోని ఏదో ఒక అతుకు దగ్గర మొదలైనదే అయి ఉంటుంది. అందువల్ల పైపు ధర అడగడానికి ముందే, ఏ చోట ఏ అతుకు వేస్తారో అడగాలి.

మొదట తేల్చుకోవలసింది నీళ్లు ఎంత వేడెక్కుతాయన్నది. చలికాలంలో రోజూ వాడకం ఉంటుంది కనుక ట్యాంకులో నీళ్లు ఓ మోస్తరు వేడితోనే సరిపెట్టుకుంటాయి. ఏప్రిల్, మే నెలల్లో మన ప్రాంతంలో వేడినీళ్లు అడిగేవారే ఉండరు. గాజు గొట్టాల హీటరులో నీళ్లు రెండు మూడు రోజులు వాడకుండా నిలిచిపోతే మరిగే స్థాయికి చేరి, ఆవిరి గొట్టంలోంచి పొగలు వస్తాయి. లైనును ఎంచుకోవలసింది ఆ మే నెల మధ్యాహ్నాన్ని దృష్టిలో పెట్టుకునే.

తెల్లటి యూపీవీసీ పైపు చల్లనీళ్లకే తప్ప ఈ పనికి రాదు, వేడికి మెత్తబడి వంగిపోతుంది. మన దగ్గర ఎక్కువగా వాడే, వేడిని తట్టుకునే ప్లాస్టిక్ పైపు సీపీవీసీని ఐఎస్ 15778 ప్రమాణం ప్రకారం తయారు చేస్తారు. అది 93 డిగ్రీల సెల్సియస్ వరకు పనిచేస్తుందని చెబుతారు. అయితే వేడి పెరిగే కొద్దీ దాని బలం తగ్గుతుంది. ఎస్‌డీఆర్ 11 రకం పైపు (పైపు వ్యాసం దాని గోడ మందానికి ఎన్ని రెట్లో చెప్పే అంకె ఇది, అంకె తగ్గితే మందం ఎక్కువ) 23 డిగ్రీల దగ్గర తట్టుకునే ఒత్తిడిలో, 82 డిగ్రీల దగ్గర తట్టుకునేది నాలుగో వంతు మాత్రమే. మిద్దె ట్యాంకు నుంచి వాలుగా వచ్చే నీటికి మీటరు ఎత్తుకు 0.1 బార్ ఒత్తిడే కనుక ఆ మిగిలిన బలం ధారాళంగా సరిపోతుంది. అయినా ఎస్‌డీఆర్ 13.5 కంటే మందం ఎక్కువైన ఎస్‌డీఆర్ 11 రకాన్నే వేడినీటి లైనుకు తీసుకోవడం మంచిది.

ట్యాంకును ఆనుకుని ఉన్న మొదటి రెండు మీటర్ల సంగతి వేరు. మిగతా లైను కుళాయి తిప్పినప్పుడే వేడెక్కుతుంది. ఈ భాగం మాత్రం పగలంతా వేడిగానే ఉంటుంది. ఇక్కడ సీపీవీసీని దాని హద్దు దాకా నెట్టకుండా, ట్యాంకుకు ఇత్తడి నిపిల్ (రెండు కొసలా మర ఉన్న పొట్టి ముక్క), ఆపైన ఇత్తడి యూనియన్ (విప్పి మళ్లీ బిగించగల అతుకు) బిగించి, అక్కడి నుంచి అల్యూమినియం పొర ఉన్న పెక్స్ (ఒక రకం ప్లాస్టిక్) కాంపోజిట్ పైపు వేయించడం నాకు సరైన పద్ధతిగా తోస్తుంది. ఆ పైపు చేత్తోనే వంగుతుంది కాబట్టి ఎల్బోల (మలుపు ముక్కల) సంఖ్యా తగ్గుతుంది. యూనియన్ లేకపోతే రేపు ట్యాంకు దింపవలసి వచ్చినప్పుడు పైపును కోయక తప్పదు.

ఆ మొదటి భాగానికి జీఐ పైపు (జింకు పూత పూసిన ఇనుప పైపు) ఎందుకు వద్దో చెప్పాలి. మన బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. నీళ్లు వేడెక్కినప్పుడు అది విడిపోయి పైపు లోపలి గోడకు పట్టుకుంటుంది. పాత ఇంట్లో విప్పిన జీఐ ఎల్బోను వెలుతురుకు పెట్టి చూస్తే, ముప్పాతిక అంగుళం రంధ్రంలో పెన్సిలు దూరేంత సందే మిగిలి, చుట్టూ తెల్లటి పెళుసు పొర కనిపిస్తుంది. పైగా మర కోసిన చోట జింకు పూత తెగిపోతుంది కనుక తుప్పు సరిగ్గా అతుకు దగ్గరే మొదలవుతుంది. రాగి పైపు వేడికి బాగా నిలుస్తుంది గానీ, దానిని నేరుగా జీఐకి కలిపితే జీఐ తినేయబడుతుంది. మధ్యలో ఇత్తడి ముక్క తప్పనిసరి.

సాగుదలను చాలామంది లెక్కలోకే తీసుకోరు. నీటి వేడి 50 డిగ్రీలు పెరిగితే పది మీటర్ల సీపీవీసీ దాదాపు 30 మిల్లీమీటర్లు సాగుతుంది. అదే పొడవు పీపీఆర్ (వేడితో కరిగించి అతికే ప్లాస్టిక్ పైపు) 75 మిల్లీమీటర్ల దాకా, కాంపోజిట్ పైపు సుమారు 12, రాగి 8 లేదా 9 మిల్లీమీటర్లు సాగుతాయి. కడప బండలు పరచిన మిద్దె మీద పైపును తిన్నగా వేసి, రెండు కొసలనూ సిమెంటుతో బిగించేస్తే ఆ 30 మిల్లీమీటర్ల తోపు అంతా ఎల్బో మీదే పడుతుంది. పొడవైన లైనులో మధ్యన ఆంగ్ల యూ ఆకారంలో ఒక మలుపు ఇవ్వాలి. క్లాంపులు పైపును జారనిచ్చేంత వదులుగా ఉండాలి, ఎల్బోకు మరీ దగ్గరగా ఉండకూడదు. గోడలోంచి దూరే చోట పెద్ద పైపు ముక్కను తొడుగుగా పెట్టాలి.

సీపీవీసీ అతుకు చూడడానికి తేలికగా ఉంటుంది గానీ, మన ఎండల్లో చెడిపోయేదీ తేలికగానే. దానికి సీపీవీసీ సొల్యూషనే వాడాలి, చల్లనీళ్ల పైపుకు మిగిలిన పీవీసీ గమ్ము పనికిరాదు. పైపును వంకర లేకుండా, పొడవుకు సరిగ్గా అడ్డంగా కోసి, అంచు గరుకును గీకి, ఫిట్టింగులో పొడిగా పెట్టి చూడండి. మూడింట ఒకటి నుంచి రెండు వంతుల లోతు దాకా వెళ్లి బిగుసుకోవాలి. పైపుకు నిండుగా, ఫిట్టింగు లోపల పలుచగా సొల్యూషన్ రాసి, పావు చుట్టు తిప్పుతూ అడుగుదాకా నెట్టి, అరనిమిషం కదలకుండా పట్టుకోవాలి. వదిలేస్తే పైపు వెనక్కి జరుగుతుంది. ఎండలో కాలిన పైపు మీద సొల్యూషన్ లోపలికి వెళ్లేలోగానే ఆరిపోతుంది, అందుకే వేసవిలో ఈ పని పొద్దున్నే, లేదా నీడలో చేయించాలి. వేడినీళ్లు ఒక రోజు గడిచాకే వదలాలి.

కుళాయి, వాల్వు, గీజరు కలిసే ప్రతి చోటా లోపల ఇత్తడి మర పోసిన ఎల్బో లేదా టీ (మూడు దారుల అతుకు) పెట్టించాలి. ప్లాస్టిక్ మరలు వేడికి సాగి, చల్లబడి, కొన్నాళ్లకు కారడం మొదలుపెడతాయి. మరకు టెఫ్లాన్ టేపు చుట్టాలి. నూనె కలిసిన పూతలు సీపీవీసీని తినేస్తాయి కాబట్టి జనపనార, సఫేదా (మర మీద పూసే నూనె కలిసిన తెల్లటి ముద్ద) వాడకూడదు. పీపీఆర్ ఎంచుకుంటే అతుకులన్నీ యంత్రంతో 260 డిగ్రీల దగ్గర కరిగించి కలపాలి. 20 మిల్లీమీటర్ల పైపుకు 5 సెకన్లు, 25 మిల్లీమీటర్ల పైపుకు 7 సెకన్లు చాలు, ఎక్కువసేపు కాల్చితే కరిగిన ప్లాస్టిక్ లోపలికి పొంగి దారి మూస్తుంది. కాంపోజిట్ పైపు నట్టు అతుకులను గోడలో పూడ్చవద్దు. లోపలి రబ్బరు రింగు పాడైతే అందేలా బయటే ఉంచాలి.

పైపు పెద్దదైతే మేలనుకోవడం సరికాదు. ముప్పాతిక అంగుళం సీపీవీసీలో మీటరుకు పావు లీటరు నీళ్లు నిలుస్తాయి. పదిహేను మీటర్ల లైనులో దాదాపు నాలుగు లీటర్ల చల్లనీళ్లు పోయాకే వేడినీళ్లు వస్తాయి, ఒక అంగుళం పైపులో అవి ఆరు లీటర్లకు పైనే. ప్రధాన లైను ముప్పాతిక, కుళాయికి అర అంగుళం ఉంటే సాధారణ ఇంటికి చాలు. మిద్దె మీది భాగానికి నైట్రైల్ రబ్బరు తొడుగు వేసి, పైన అల్యూమినియం టేపు చుట్టించాలి.

ఆవిరి గొట్టానికి ఎక్కడా వాల్వు పెట్టవద్దు, మూత పెట్టవద్దు. దాని కొస చల్లనీళ్ల ట్యాంకు కంటే ఎత్తున ఉండాలి. గోడ గాడులు పూడ్చే ముందు సోలార్ ట్యాంకును విడదీసి, చేతి పంపుతో నీటి ఒత్తిడి పెట్టి లైనును పరీక్షించండి. తరువాత ఒక రోజు వేడినీళ్లు వదిలి, రాత్రి చల్లబడనిచ్చి, ఉదయాన్నే ప్రతి అతుకునూ కాగితంతో తుడిచి చూడండి. పైపు ముడుచుకున్నప్పుడే బయటపడే సన్నని చెమ్మ ఉంటే అప్పుడు కనిపిస్తుంది. ప్లాస్టరింగుకు ముందు, టేపు కొలతలు కనిపించేలా గోడలను ఫొటో తీసి పెట్టుకోండి.